నల్లగండ్ల హాస్టల్లో చేపల చెరువు అధ్యాయం

హైదరాబాదు పడమటి అంచున వెలిసిన ఐటీ పేటల గురించి మా కాకినాడలో రెండు రకాల మాటలు వింటుంటాం. అక్కడ ఉద్యోగం చేస్తున్నవాళ్ళ తల్లిదండ్రులు చెప్పేవి ఒక రకం. అక్కడ చవకగా ఉన్నప్పుడు స్థలం కొనలేకపోయినవాళ్ళు చెప్పేవి ఇంకో రకం. నేను ఆ రెండు జాతుల్లోనూ లేను. ఒక అధ్యాయం చదవడానికి వెళ్ళాను, చివరి వాక్యం దాకా చదివి వచ్చాను. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా మాట మధ్యలో ఆపేసేవాళ్ళు లోకంలో ఎక్కువ.

నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ని. కొత్త మొక్కని కనిపెడితే దాని వర్ణన లాటిన్‌లో రాయాలన్న నియమం మా రోజుల్లో ఉండేది. దానికోసం మా ఊరి చర్చిలో ఉండే ఒక ముసలి ఫాదర్ దగ్గర సాయంత్రాలు కూర్చుని ఆ భాష నేర్చుకున్నాను. మడ అడవి అంచున నేను ఏరిన ఒక గడ్డిజాతి మొక్కకి వర్ణన రాసిచ్చాను. అచ్చయి వచ్చేసరికి పైన మా విభాగాధిపతి పేరుంది. అడుగున, టైపు చేసిపెట్టినందుకు నాకు కృతజ్ఞతలున్నాయి. నాకు టైపు రాదు. ఆయన ఇప్పుడు లేరు. అయినా ఈ సంగతి చెప్పడం మానను.

మొక్క పోయింది, లాటిన్ మిగిలింది. పాతకాలపు మఠాల తోటల్లో ఏ మూలికలు పెంచేవారో వెతుకుతుంటే, ఆల్ప్స్ కొండల ఉత్తరపు వాలులో ఉన్న ఒక క్రైస్తవ మఠం చరిత్ర కంటబడింది. కొన్ని వందల ఏళ్ళ కిందట అక్కడి సన్యాసి ఒకడు, తన పేరు ఎక్కడా చెప్పకుండా, రాసిపెట్టాడు. మూలికల ప్రస్తావన రెండు మూడు చోట్ల ఉంది. మిగిలినదంతా ఫిర్యాదులే. ఏ దొర మఠం గుర్రాలకి గడ్డి వేయించలేదో, ఏ బిషప్పు అతిథిగా వచ్చి వెన్న బాగాలేదన్నాడో, ఏ ఊరివాళ్ళు తేనెపట్టులు ఎత్తుకుపోయి పండగనాడు నవ్వుకుంటూ ఎదురొచ్చారో, అన్నీ ఉన్నాయి. చదువుతుంటే నాకు సొంత మనిషి దొరికినట్టయింది. ఏళ్ళ తరబడి కూర్చుని దాన్ని నేరుగా తెలుగులోకి తెచ్చాను. మధ్యలో ఇంగ్లీషు మెట్టు ఎక్కలేదు.

అందులో చేపల చెరువు అధ్యాయం ఒకటుంది. దాని ప్రాణమంతా ఆఖరి వాక్యంలో ఉంది. ఈ ప్రయాణానికి ముందు ఆ వాక్యం నా నోట విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మా ఊరి సాహిత్య సభలో సమయాభావం అన్నారు. మా వదిన సగంలో లేచి కుక్కరు పెట్టింది. ఒక పత్రికాయన ఫోన్లోనే, కథ చెప్పండి చాలు, చదవక్కర్లేదు అన్నారు. ఎవరైనా ఒక్కసారి ఆ అధ్యాయాన్ని చివరిదాకా వినాలి. నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

అందుకే నార్సింగిలో ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయంవాళ్ళ సాంస్కృతిక సంఘం నుంచి ప్రభాకర్ గారనే ఆయన ఫోన్ చేసి, మన జిల్లావాళ్ళండి, గంటసేపు మీకేనండి అనగానే ఒప్పుకున్నాను.

లింగంపల్లిలో దిగి

మా మేనకోడలు నల్లగండ్లలోనే ఉంటుంది. మూడు పడగ్గదుల ఇల్లు. అయినా అక్కడ దిగలేదు. ఆ ఇంటి గృహప్రవేశానికి నన్ను ఫోన్లో ఒక కార్డు బొమ్మ పంపి పిలిచింది. కాకినాడ దాకా రావడం కుదరకపోతే పోనీ, నోటితో ఒక మాటైనా అనవచ్చు. బొట్టు పెట్టి పిలవని ఇంటికి నేను వెళ్ళను. ఆ వీధిలోనే ఆడపిల్లల హాస్టల్ ఒకటుంటే, నాలుగు రోజులకి గది తీసుకున్నాను. మేనకోడలి బాల్కనీ నా కిటికీలోంచి కనిపిస్తుంది. ఆరేసిన బట్టలు మధ్యాహ్నమైనా తీయదు.

హాస్టల్ యజమానురాలి పేరు యాదమ్మ. నల్లగండ్ల ఊరి మనిషే, నా వయసుదే. వంట కూడా తనే దగ్గరుండి చేయిస్తుంది, సగం తనే చేస్తుంది. నన్ను చూడగానే, ఏం పని మీద వొచ్చినవ్ టీచరమ్మ అని అడిగింది. మా వైపు ముక్కూమొహం తెలియనివాళ్ళని నువ్వు అనరు. కొంచెం నొచ్చుకున్నాను. సాయంత్రానికి కరెంటు మనిషినీ, ఇంటి అల్లుణ్ణీ, చివరికి ఫోన్ చేసిన బ్యాంకు మేనేజరునీ అలాగే అనడం విని, ఆ నొప్పిని లెక్కలోంచి తీసేశాను. నేను తీసేసిన నొప్పులు తక్కువ.

చదవడానికి వచ్చానన్నాను.

"ఏంది, గీ వయసుల పరీక్షనా?" అంది.

రాత్రి భోజనంలో పచ్చిపులుసు పోసింది. మేం చారు మరిగిస్తాం. మరిగించని చింతపండు నీళ్ళు తాగితే జలుబు చేస్తుందని చిన్నప్పటి నుంచీ విన్నాను. పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన మిరపకాయ, జీలకర్ర. రెండోసారి అడిగి పోయించుకున్నాను. జలుబు చెయ్యలేదు.

హైటెక్ సిటీ

పక్క గదిలో శ్రావణి అనే కరీంనగర్ పిల్ల ఉంటుంది. అందరూ నన్ను ఆంటీ అంటుంటే ఆమె ఒక్కతే మేడమ్ అంది. అందుకే మర్నాడు వాళ్ళ ఆఫీసు చూపిస్తానంటే వెళ్ళాను.

గేటు దగ్గర నా ఫోటో తీసి, కాగితం మీద అచ్చువేసి, మెడలో వేశారు. ఆధార్ చూశారు, సంచీ చూశారు, సంచీలో ఉన్న కాజాల పొట్లం విప్పి చూశారు. నా సన్యాసి ఉన్న మఠంలో ద్వారం దగ్గర ఒక పెద్దాయనని కూర్చోబెట్టేవారు. ఎవరు తలుపు తట్టినా ఆయన ముందు దేవుడికి స్తోత్రం చెప్పి, తర్వాతే ఎవరని అడగాలి. ఇక్కడ అడగడం అయ్యాక కూడా ఎవరూ స్తోత్రం చెప్పలేదు. కాజాలు మాత్రం బాగున్నాయన్నారు.

పై అంతస్తులో భోజనాల హాలుంది. మా ఊళ్ళో కల్యాణమండపం అంత. పెసరట్టు నూట నలభై రూపాయలు. ఆ డబ్బుతో మా ఊళ్ళో నలుగురు తిని, కాఫీ కూడా తాగుతారు. అల్లప్పచ్చడి చిన్న ప్లాస్టిక్ గిన్నెలో, మందు పోసినట్టు పోశారు. నన్ను ఆపేసింది మాత్రం ఆ ధర కాదు. అంతమంది తింటున్నారు, మాట లేదు. ఒక్కొక్కరి చెవిలో ఒక తెల్లటి గుండీ ఉంది.

మఠంలోనూ భోజనం దగ్గర మాట్లాడకూడదు. కాని ఒకడు ఎత్తుపీట మీద నిలబడి గట్టిగా చదువుతాడు, మిగిలినవాళ్ళు తింటూ వింటారు. ఉప్పు కావాలన్నా, చేప ముక్క కావాలన్నా చేతి సైగలే. శ్రావణికి ఇదంతా చెప్పాను. ఆ పిల్ల తన చెవిలోంచి గుండీ తీసి నా మాట వింది, అది రాసిపెట్టుకోదగ్గ మర్యాద.

"అంటే పాడ్‌కాస్ట్ అన్నట్టు మేడమ్, కాకపోతే అందరికి ఒకటే," అంది.

అంతే అన్నాను. ఇక్కడ ఎవరి చదువరి వాళ్ళ చెవిలో ఉన్నాడు.

ఆ సాయంత్రం యాదమ్మకి కూడా ఈ సంగతి చెప్పాను. ఆమెకి లాటిన్ మీద అనుమానాలేమీ రాలేదు. ఒక్కటే అడిగింది.

"మరి సదివేటాయన ఎప్పుడు తింటడు?"

అందరూ తిన్నాక, వంటవాళ్ళతో కలిసి తింటాడన్నాను. అది వాళ్ళ నియమం.

"గట్లనా. అంటే నా తీరుగ," అంది యాదమ్మ.

నార్సింగి

నార్సింగిలో ఆ సముదాయం గేటు మా కలెక్టరాఫీసు గేటుకి అన్నలా ఉంది. లోపలివాళ్ళు ఫోన్లో ఒప్పుకుంటేగానీ మనిషిని వదలరు. ప్రభాకర్ గారు ఫోన్ ఎత్తలేదు. వేదిక మీద మైకు సరిచేస్తున్నారట. కాపలా కుర్రవాడు కుర్చీ ఇచ్చాడు. ఆహ్వానం మీద నా ఫోటో ఉంది, ఆ కాగితం అతని వెనక గోడకే అంటించి ఉంది. అయినా వదల్లేదు. నియమం నియమమే కాబట్టి అతన్ని ఏమీ అనను. నియమం పెట్టి ఫోన్ ఎత్తనివాళ్ళని అంటాను.

లోపల హాలు చల్లగా, నిండుగా ఉంది. ఎక్కువమంది మా వైపువాళ్ళే. పట్టుచీరలు, అండీలు, గారూలు. ముందు పిల్లల నాట్యం, తర్వాత కోశాధికారి నివేదిక, ఆ తర్వాత కార్యక్రమానికి డబ్బిచ్చిన ఇళ్ళ వ్యాపారి తన కొత్త వెంచరు గురించి చెప్పడం. ఆయన్ని ఎవరూ ఆపలేదు. నా గంట అలా కరిగి, మైకు నా చేతికొచ్చేసరికి వెనక వరసల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు మొదలైంది.

చదవడం మొదలుపెట్టాను. చెరువు గట్టు, ఎండాకాలం, నీళ్ళు తగ్గిన చోట దొర మనుషులు హద్దురాళ్ళు జరపడం. వెనక చప్పుడు ఆగింది. నిజం చెప్పాలి, ఆగింది. ముందు వరసలో ఒకావిడ కిందికి దించిన ఫోను మళ్ళీ ఎత్తలేదు. మఠాధిపతి సాక్షులని పిలిచే చోటుకి వచ్చాను. అప్పుడు నా భుజాల మీద బరువుగా ఏదో పడింది.

శాలువా. మాట పూర్తి కాకుండా శాలువా కప్పేశారు. మన సభల్లో ఇది అందరూ ఎరిగిన ఎత్తే. ఆపమంటే మనిషి ఆగకపోవచ్చు, శాలువా కప్పితే చేతులు జోడించక తప్పదు. దాని జరీ అంచు నా కళ్ళజోడుకి తగిలింది, కళ్ళజోడు కిందపడి, ఒక కాడ ఊడిపోయింది. చప్పట్లు కొట్టారు.

"అద్భుతమండి, చాలా అద్భుతంగా చెప్పారండి," అన్నారు ప్రభాకర్ గారు మైకులో. నేను ఇంకా అయిపోలేదండి అన్నాను. ఆయన మైకు పక్కకి తిప్పి, "టైమైపోయిందండి, స్నాక్స్ చల్లారిపోతాయండి. మిగతాది మా గ్రూపులో పెట్టేయండి మేడమ్ గారూ, ఖాళీగా ఉన్నప్పుడు అందరూ చదువుకుంటారు," అన్నారు.

స్నాక్స్ అంటే పునుగులు. వాసన బాగానే వచ్చింది. నేను ముట్టుకోలేదు. శాలువా తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను గాని, ఒకావిడ దాన్ని మడిచి నా సంచీలో పెట్టేసింది. ప్రభాకర్ గారు, ఇది మీరు చదివితే, నా ఆ గంట ఇంకా మీ దగ్గరే ఉంది.

హాస్టల్‌కి తిరిగొచ్చేసరికి యాదమ్మ మెట్ల మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతుంటే ఒక కన్ను మూసుకుని నడుస్తున్న నన్ను చూసి ఏమైందని అడిగింది. జరిగింది చెప్పాను. ఓదార్చలేదు. ఓదార్చినవాళ్ళని కూడా నేను మర్చిపోను, అది వేరే సంగతి.

"రేపు ఐతారం," అంది. "కోడికూర, బగారన్నం. ఒక్కతి గూడ బయటికి పోదు. ఈడ సదువు."

కోడికూర ముందు నా సన్యాసిని ఎవరు వింటారన్నాను.

"ఎవ్వలు వినకున్నా నేను వింట. గరిటె సప్పుడు గూడ చెయ్య."

మదీనాగూడ

చదవాలంటే కళ్ళజోడు కావాలి. ఆదివారం పొద్దున్నే తెరిచి ఉండే కొట్టు మదీనాగూడలో ఉందని శ్రావణి చెప్పింది. బొంబాయి రోడ్డు పక్కన, చీరల షాపులకీ టిఫిన్ బండ్లకీ మధ్య ఇరుక్కున్న చిన్న దుకాణం. అందులో ఉన్న పెద్దమనిషి నా కళ్ళజోడుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"అమ్మా, ఇది మా అబ్బా జమానా ఫ్రేము. ఫికర్ చెయ్యకుండ కొత్తది తీస్కోండ్రి, కొత్త మోడల్ ఉన్నయి."

నాకు అదే కావాలన్నాను. ఆ కళ్ళజోడుతోనే ఆ పుస్తకమంతా చదివాను. పైగా అది ఊడింది నా తప్పు వల్ల కాదు, కాబట్టి మార్చుకోవలసింది నేను కాదు. ఆయన నా మొహం కాసేపు చూసి, సన్న రాగితీగ తెచ్చి కాడని బిగించాడు. అరవై రూపాయలు తీసుకున్నాడు.

"జర తల ఊపకుండ మాట్లాడుండ్రి. సాయంత్రం దాకనే నా గ్యారంటీ," అన్నాడు.

సాయంత్రం దాకా చాలు.

ఆదివారం భోజనం

హాస్టల్ భోజనాల గది కింద, వంటింటి పక్కనే. పొడుగాటి స్టీలు బల్లలు. పిల్లలంతా తలలు ఆరబెట్టుకుంటూ ఒక్కొక్కరే దిగారు. బగారన్నం వాసన మెట్ల మీదికి వస్తోంది. లవంగం, షాజీరా, పుదీనా. మా వైపు పలావు అంటే నెయ్యి, జీడిపప్పు, ఘనత. ఇది అంత ఆడంబరం లేకుండా, కోడికూర కోసమే పుట్టిన అన్నం.

యాదమ్మ నాకో గ్లాసు ఇచ్చింది. "జర సల్ల తాగు. కడుపు కాలుకుంట ఎట్ల సదువుతవ్?" మజ్జిగని అక్కడ సల్ల అంటారు. నా సన్యాసుల నియమంలోనూ ఇది ఉంది. చదివేవాడు ఆకలితో తూలకుండా, మొదలుపెట్టే ముందు అతనికి నీళ్ళు కలిపిన ద్రాక్షసారా కొంచెం ఇస్తారు. ఆ సంగతి నేను ఆమెకి చెప్పలేదు. ఆమెకే తోచింది.

ముందు తినమని పిల్లలు బతిమాలారు. తర్వాత లెగ్ పీస్ ఉండదు ఆంటీ, రాసిస్తాను అంది ఒక అమ్మాయి. అందరూ నవ్వారు. చదివేవాళ్ళు చివర తినాలని చెప్పి, గోడకి ఆనుకుని నిలబడి మొదలుపెట్టాను.

నార్సింగిలో ఆగినచోటు నుంచి కాదు, మొదటి వాక్యం నుంచి. మఠానికి ఒక చేపల చెరువుంది. మాంసం మాని చేపలు తినే ఉపవాసపు రోజుల్లో సన్యాసులకి అదే ఆధారం. ఒక కరువు ఏడు నీళ్ళు లోపలికి పోయాయి. పక్కనున్న దొర మనుషులు హద్దురాళ్ళు చెరువు లోపలికి జరిపి, తేలిన నేలని దున్నేశారు. మళ్ళీ ఏడు ఇంకొంచెం. మఠాధిపతి వెళ్ళి అడిగితే, చెరువు మీదేనని కాగితం చూపించమన్నాడు దొర. మఠం తగలబడినప్పుడు కాగితాలన్నీ కాలిపోయాయని దొరకి తెలుసు. దొర నవ్వాడని కూడా నా సన్యాసి రాశాడు, ఏ పక్క పన్ను లేదో రాశాడు.

పిల్లల చెయ్యి నోటి దగ్గరికి వెళ్తూనే ఉంది, మాటలు మాత్రం తగ్గాయి. ఒక అమ్మాయి పెరుగు కోసం పక్కమ్మాయికి వేలితో సైగ చేసింది. ఇంకో అమ్మాయి చెవిలో గుండీ తీసి పళ్ళెం పక్కన పెట్టింది. యాదమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. అన్నం తగ్గినచోట చేత్తో వడ్డించింది, గరిటె ముట్టలేదు.

సాక్షుల దగ్గరికి వచ్చాను. ఆ దేశంలో హద్దు వేసే రోజున చిన్నపిల్లల్ని వెంట తీసుకెళ్ళేవారు. ప్రతి రాయి దగ్గరా ఆ పిల్లల చెవులు గట్టిగా మెలిపెట్టేవారు, ముసలివాడయ్యాక కూడా ఆ చోటు గుర్తుండాలని. చెరువు తవ్వించిన పాత మఠాధిపతి అలాగే చేశాడు. ఇప్పుడు కొత్త మఠాధిపతి దొరతో, కాగితం కాలింది, చెవులు కాలలేదు అన్నాడు. ఆనాటి పిల్లల్లో ఒకడు, ఇప్పుడు ముసలి సన్యాసి, కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. దొర మనుషులు నవ్వుతుంటే, చెవి మీద చెయ్యి పెట్టుకుని బురదలో నడిచాడు. ఆగిన ప్రతిచోటా తవ్వారు. పాత రాయి పాతిన గుంట ప్రతిచోటా దొరికింది. చెరువు మఠానికి తిరిగొచ్చింది.

ఇక ఒక్క వాక్యం మిగిలింది. అలవాటుగా భుజం వెనక్కి చూశాను. ఎవరూ శాలువాతో రావడం లేదు. చదివాను.

"ఆ ముసలివాడి పేరు అడగకండి, ఈ మాటలు రాస్తున్న చెయ్యే ఆ రోజు బురదలో ఆ చెవిని పట్టుకుంది."

శ్రావణి చెయ్యి, కూర అంటిన చెయ్యే, తన చెవి దాకా వెళ్ళి ఆగింది. చప్పట్లు లేవు. చప్పట్లు నార్సింగిలో చాలా విన్నాను.

"ఇంకొక్కపారి సదువు, ఆ ఆఖరి మాట," అంది యాదమ్మ.

మళ్ళీ చదివాను. నా జీవితంలో నన్ను ఇంకోసారి చదవమన్న మొదటి మనిషి ఆమె.

"మీ సాములు చెవి పిండిన్రు," అంది యాదమ్మ. "మా నాయిన బెల్లం పెట్టిండు. మా పొలానికి హద్దురాయి పాతిన్నాడు నన్ను సంకన ఏసుకొని పోయి, ఆ రాయి మీద కూసోబెట్టి నోట్ల బెల్లం ముద్ద పెట్టిండు. యాది పెట్టుకో బిడ్డ అన్నడు. తర్వాత పొలం మేమే అమ్ముకున్నం, ఎవ్వలు గుంజుకోలే. గిప్పుడు ఆడ పెద్ద టవరు. నా బిడ్డ అండ్లనే ఉంటది. ఆ లిఫ్టు ఎక్కినప్పుడల్లా నా నోరు తియ్యగైతది."

పిల్లలు ఎవరూ నవ్వలేదు. ఎక్కడుంది ఆ లిఫ్టు అని మాత్రం ఒక అమ్మాయి అడిగింది.

అందరూ పళ్ళేలు కడిగి పైకి వెళ్ళాక, వంటింట్లో నేల మీద పీటలు వేసి యాదమ్మ, నేను కూర్చున్నాం. గిన్నెలు ఖాళీ. నేను అనుకున్నదే. ఆమె గట్టు మీద నుంచి ఒక మూట దించింది. విప్పితే లోపల మూతపెట్టిన టిఫిన్. బగారన్నం ఇంకా పొగలు కక్కుతోంది. పైన రెండు లెగ్ పీసులు.

మూటకట్టిన గుడ్డ నా శాలువా.

"నీ సంచిలకెళ్ళి తీసిన. ఏమనుకోకు టీచరమ్మ. మందంగ ఉన్నది, వేడి పోనియ్యదు."

ఏమీ అనుకోలేదు. ఆ శాలువాకి అంతకంటే మంచి పని ఎవరూ చెప్పలేదు. కళ్ళజోడు రాగితీగ బిగువుగానే ఉంది, ఇద్దరం నెమ్మదిగా తిన్నాం.

కాకినాడ వచ్చి చాలా రోజులైంది. మేనకోడలు ఫోన్ చేసి, మా వీధిలోనే ఉండి మా ఇంటికి రాలేదేం అత్తా అని అడిగింది. తెలుసుకోమన్నాను. ప్రభాకర్ గారి గ్రూపులో నేను ఏమీ పెట్టలేదు. శాలువా జరీ అంచున అరచెయ్యంత మేర కోడికూర నూనె మరక పడింది. మా పనమ్మాయి వేణ్ణీళ్ళలో సోడా వేసి నానబెడితే పోతుందంది, బకెట్ కూడా తెచ్చింది. ఆమె చేతిలోంచి లాక్కుని, మడిచి, నా పుస్తకం మీద పెట్టుకున్నాను.